స్పీకర్లో అన్న మాట

మా గదిలో ఆమెని అందరూ మైకు అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమె ఏమీ అనుకునేది కాదు. ఇక్కడికి రాకముందు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఉద్యోగం చేసింది. కరెంటు పోయిన రోజుల్లో కూడా తన పని ఆగలేదని గొప్పగా చెప్పుకునేది. నేను నమ్ముతాను. ఏళ్ళ తరబడి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని.

ఆమె అంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు హాయి. ఆమెకీ నేనంటే పడేది కాదు. నేను ఫోనులో మెల్లగా మాట్లాడతానని నాకు తేనెసీసా అని పేరు పెట్టింది. కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి, "ఈవిడ దగ్గర కూర్చోకండి, చీమలు పడతాయి" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు మాత్రం తన ఇంటి సంగతులన్నీ నాకే చెప్పేది. వినే ఓపిక ఇంకెవరికీ లేకపోవడం వల్ల అనుకుంటాను.

మా పని ఫోనెత్తడం. అంబులెన్సు కోసం జనం చేసే ఫోన్లన్నీ మా గదికే వస్తాయి. ఎక్కడ, ఎవరికి, ఏమైంది అని అడిగి బండి పంపుతాం. పడిపోయిన మనిషికి ఊపిరి ఆగిందని తెలిస్తే మాత్రం ఫోను పెట్టెయ్యం. బండి చేరేదాకా పక్కనున్నవాళ్ళ చేత ఛాతీ నొక్కిస్తాం. మాకేమీ కనపడదు. చేతులు వాళ్ళవి, మాట మాది. ఎవరో ఏడుస్తుంటారు, ఎవరో తలుపు తియ్యమని అరుస్తుంటారు, వాటన్నిటి మధ్యలోంచి మా మాట వాళ్ళ చెవిలోకి వెళ్ళాలి.

మైకు మాట వెళ్ళేది. అందులో అనుమానం లేదు.

ఆమె పుట్టింది కూరగాయల మార్కెట్టు వెనక సందులో. తల్లి టోకున కూరగాయలు కొని చిల్లరగా అమ్మేది. తండ్రి ఉన్నా లేనట్టే, నోట్లోంచి మాట పెగిలేది కాదు. పిల్లలు ముగ్గురూ తెల్లారక ముందే తల్లితో వెళ్ళి బుట్టల పక్కన నిలబడి ధర అరిచేవాళ్ళు. గట్టిగా అరిచిన పిల్లకి ముందు టిఫిను. "మా ఇంట్లో మెల్లగా మాట్లాడితే ఆకలితో చచ్చేవాళ్ళం" అని ఒకసారి నాతో అంది. జాలి పుట్టించడానికి అన్నట్టు లేదు, నన్ను ఎత్తిపొడవడానికే అన్నట్టుంది.

పెళ్ళయ్యాక ఆమెకి సరిజోడు దొరికింది. మొగుడు కాదు, అత్తగారు. మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి, రోజంతా ఆ యంత్రం రొద విని ఇంటికొచ్చి ఈ ఇద్దరి రొద వినేవాడు. రెండు గదులు, ఒక వంటిల్లు. కిటికీ తెరిస్తే గొడవ, మూస్తే గొడవ. బట్టలారేసే తాడు మీద ఎవరి చీర ఎండవైపు ఉండాలన్న దాని మీద వాళ్ళు మాటలు మానేసి, ఆయన ద్వారా కబుర్లు పంపుకునే దాకా వెళ్ళారు. ఒకే గదిలో కూర్చుని, "మీ అమ్మగారిని ఆ కుర్చీ కొంచెం జరపమను" అనేది ఈమె. "మీ ఆవిడకి కళ్ళు లేవా, పక్కనుంచి వెళ్ళమను" అనేది ఆవిడ. ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని టీవీ చూసేవాడు.

"మా అత్త నోరు నాకన్నా ఒక గీత ఎక్కువే" అని మైకు ఒప్పుకునేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో ఏదో మర్యాద లాంటిది కనపడేది.

ఫోనులో ఆమె ఎలా మాట్లాడేదో ఒకటి చెబుతాను. ఒక క్షౌరశాలలో గడ్డం చేయించుకుంటూ ఒకాయన కుర్చీలోంచి జారి పడిపోయాడు. ఫోను చేసింది క్షురకుడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొహం మీద నీళ్ళు కొడుతున్నారు, ఒకరు నోట్లో సోడా పొయ్యబోతున్నారు. మైకు ముందు సోడా సీసా అవతల పెట్టించింది. పిలిస్తే పలుకుతున్నాడా, ఛాతీ లేచి పడుతోందా అని అడిగింది. గురక పెడుతున్నాడండీ, ఊపిరి ఉన్నట్టే ఉంది అన్నాడు అవతలాయన. ఆగి ఆగి వచ్చే ఆ గురక ఊపిరి కాదని కసిరింది. చాప, దిండు ఏమీ వద్దు, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టమంది. ఛాతీ నడిమధ్యలో ఒక అరచెయ్యి, మణికట్టు పక్కన గట్టిగా ఉండే చోటు ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపి నొక్కమంది. నొక్కిన ప్రతిసారీ ఛాతీని మళ్ళీ పూర్తిగా పైకి లేవనివ్వమంది. వేగం తగ్గితే తిట్టింది. అలిసిపోతే పక్కవాడిని దింపమని తిట్టింది. మధ్యలో ఆ క్షురకుడు భయపడిపోయి, లోపల ఏదో ఎముక విరిగిన చప్పుడైందని చెప్పాడు.

"విరిగితే అతుక్కుంటుంది. నువ్వు ఆపితే ఆయన అతుక్కోడు. నొక్కు" అంది మైకు.

ఆయన బతికాడు. అన్నిసార్లూ బతకరు. నిజం చెప్పాలంటే చాలాసార్లు బతకరు. బతకనప్పుడు ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, ఎవరో ఒకరి మీద విరుచుకుపడేది. ఎక్కువగా నా మీద.

ఆమెకో నమ్మకం ఉండేది. భయపడ్డవాడికి చేతులాడవు, కోపం వచ్చినవాడికి ఆడతాయి, కాబట్టి ముందు వాడికి కోపం తెప్పించాలి. కొత్తవాళ్ళకి శిక్షణ ఇచ్చే రోజుల్లో కూడా ఇదే చెప్పబోతే సూపర్‌వైజరు దగ్గి ఆపేవాడు. ఆయనకి ప్రతి మాటకి ముందూ దగ్గడం అలవాటు. ఆమె మీద ఫిర్యాదులు అంతకు ముందూ వచ్చాయి. ఆయన దగ్గి, సర్ది, పంపేసేవాడు.

రంగుల షాపు పెద్దాయన ఫిర్యాదు మాత్రం సర్దితే సర్దుకునేది కాదు.

ఆ ఫోను పొద్దున పూట వచ్చింది, టీ తాగి అప్పుడే కూర్చున్నాం. నాకు ఫోన్లు లేవు, అందుకని ఆమె వైపు మాటలన్నీ విన్నాను. అవతలివైపు మాటలు తర్వాత విచారణలో విన్నాను. రెండూ కలిపి చెబుతున్నాను.

కింద రంగుల షాపు, పైన ఇల్లు. షాపు, ఇల్లు రెండూ పెద్దాయనవి. ఆయనకి ఒక్కతే కూతురు. ఆమె ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది, ఆ సమయానికి ఇంట్లో లేదు. అల్లుడు ఇల్లరికం వచ్చినవాడు, షాపులో రంగులు కలపడం, సరుకు దింపించడం అతని పని. ఏడాదిన్నర పాప. ఆ పొద్దున పాప అల్లుడి దగ్గరే ఉంది. ఎవరో పెద్ద బేరం వచ్చిందని పెద్దాయన అల్లుడిని కిందికి పంపి, పాపని తను చూస్తానన్నాడు. చూస్తూ పేపరు చదువుకున్నాడు. పాప నడుచుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళి, నీళ్ళు నింపి పెట్టిన టబ్బులో తలకిందులుగా పడింది. అల్లుడు పైకొచ్చి చూశాడు. బయటికి తీసింది అతనే. అరుపు విని వచ్చిన మామ పాపని అతని చేతుల్లోంచి తీసుకున్నాడు. అల్లుడు ఫోను చేశాడు.

మైకు చిరునామా అడిగి బండి పంపింది. ఫోను స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచమంది. పాప కదులుతోందా, ఊపిరి ఉందా అంటే లేదన్నాడు. అయితే వెంటనే నేల మీద పడుకోబెట్టమంది. మామగారి చేతిలో ఉందండీ అన్నాడు. ఆయనేం చేస్తున్నాడని అడిగింది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు మీద కొడుతున్నాడు, నీళ్ళు కక్కించడానికి.

అది చెయ్యకూడదు. పొట్టలో నీళ్ళు బయటికి రావడం కాదు కావలసింది, ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళడం. తలకిందులుగా పట్టుకుంటే పోయేది సమయమే. మైకు ఈ మాట చెప్పింది, మామూలు గొంతుతోనే చెప్పింది. అల్లుడు మామకి చెప్పాడు. "మామగారూ, పాపని కింద పెట్టమంటున్నారండీ." నోరు ముయ్యి, నాకు తెలుసు అన్నాడు మామ. అల్లుడు మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అతను మామని అడగలేదు. ఆయన వినడం లేదండీ, నేనేం చెయ్యనండీ అన్నాడు ఫోనుతో.

అప్పుడు మైకు కుర్చీలోంచి లేచింది. మా గదంతా ఆమె వైపు తిరిగింది.

"నువ్వు ఆ పిల్లకి తండ్రివా, ఆ ఇంట్లో జీతానికున్నావా? ఆ ముసలాయన చేతుల్లోంచి పిల్లని లాక్కో."

స్పీకర్లో అన్న మాట. ఆ గదిలో ఉన్న ఇద్దరికీ వినపడింది, కింద షాపులో బేరానికొచ్చినవాళ్ళకి కూడా వినపడిందట.

 అవతల ఏదో పెద్దగా పడింది. ఒక ముసలి గొంతు కెవ్వుమంది. ఆ తర్వాత అల్లుడి గొంతు వచ్చింది, ఇందాకటి గొంతు కాదది.

"లాక్కున్నాను. చెప్పండి."

చెప్పింది. నేల మీద పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి గడ్డం పైకెత్తు. నీళ్ళలో మునిగిన పిల్ల కాబట్టి ముందు ఊపిరి. ముక్కు మూసి, నీ నోరు దాని నోటికి పూర్తిగా ఆనించి మెల్లగా ఊదు. బెలూను ఊదినట్టు ఊదకు, ఛాతీ కొంచెం లేచేదాకా చాలు. లేచిందా? మళ్ళీ. ఇప్పుడు ఛాతీ మధ్యలో ఒక్క చెయ్యే పెట్టు, ఇది పెద్ద మనిషి కాదు, ఒక చెయ్యి చాలు. ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి వెళ్ళాలి. నొక్కు, వదులు, నొక్కు, వదులు. లెక్క నేను పెడతాను. ముప్పై నొక్కులు, రెండు ఊపిర్లు, మళ్ళీ మొదటికి. ఆమె లెక్క పెడుతుంటే పక్క వరసలో ఉన్నవాళ్ళు తమ ఫోనుల్లో ఏమీ వినపడక చెవులు మూసుకున్నారు. మధ్యలో అతను ఏడవబోతే, "తర్వాత ఏడువు" అంది. 

ఎన్ని విడతలయ్యాయో నేను లెక్క పెట్టలేదు. సన్నగా ఒక దగ్గు వినపడిందని ఆమె మొహం చూస్తే తెలిసింది. పక్కకి తిప్పి పడుకోబెట్టు, కక్కనీ, అంది. తర్వాత ఏడుపు. ఏడుపు నాకు కూడా వినపడింది, ఆమె చెవికున్న హెడ్‌ఫోన్లోంచే. బండివాళ్ళు లోపలికొచ్చాక ఆమె ఫోను పెట్టేసి, నీళ్ళు తాగి, తర్వాతి ఫోను ఎత్తింది. నేను ఏదో అనబోయాను, మంచి మాటే అనబోయాను. నావైపు చూడనైనా చూడలేదు.

పాప ఆసుపత్రి నుంచి ఇంటికి చేరింది. ఆ వెనకే ఫిర్యాదు వచ్చింది. పెద్దాయన తూలి గడప మీద పడి మణికట్టు విరిగింది. ఫోనెత్తిన ఆడమనిషి తనని అవమానించిందని, అల్లుడిని రెచ్చగొట్టి తన మీదికి ఉసిగొల్పిందని రాశాడు. పైవాళ్ళందరికీ పంపాడు. కింద ఇంకో సంతకం ఉంది. అల్లుడిది.

సూపర్‌వైజరు దగ్గి, క్షమాపణ రాసిచ్చేస్తే ఇక్కడితో పోతుందన్నాడు. పిల్ల బతికింది కదా, వాళ్ళే నాకు రాసివ్వాలి అంది మైకు. సంతకం దగ్గర మాత్రం ఆమె చూపు ఆగింది. ముసలాయన రాయడం ఆమెకి వింత కాలేదు. అల్లుడు రాయడం ఆమెకి కొరుకుడు పడలేదు.

ఇంట్లో అత్తగారు ఈసారి కొడుకుని మధ్యలో పెట్టకుండా నేరుగా మాట్లాడిందట. ఎవరో పరాయి ఇంటి పెద్దాయన్ని మొహం మీదే ముసలాయనా అన్నదానివి, నన్ను బయట ఏమంటున్నావో అని. "మిమ్మల్ని ఏమీ అనను అత్తయ్యా, మా ఇంట్లో ఒకావిడ ఉంటుంది అంటాను" అని ఈమె జవాబు. మర్నాడు అత్తగారు పెట్టిన డబ్బాలో అన్నం మాడిపోయి ఉంది. నా డబ్బాలోంచి సగం తీసుకుంది, అడక్కుండానే.

విచారణ మా పై అంతస్తులో జరిగింది. పొడుగాటి బల్ల, ఒకటే ఫ్యాను, అది కూడా విచారణ చేసే అధికారిణి నెత్తి మీదే. ఆమె ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది, ఎవరి వైపూ కాని మొహం. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడదీసుకుని కూర్చున్నాడు. అల్లుడు ఆయన పక్కన కూర్చోలేదు, ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు. మైకు వాళ్ళ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. నన్ను సాక్షిగా పిలిచారు.

రికార్డు మొదటి నుంచి చివరిదాకా వినిపించారు. తన గొంతు తను వింటున్నప్పుడు మైకు బల్ల వైపే చూసింది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి పెద్దాయన చూశారా అన్నట్టు అధికారిణి వైపు తల ఊపాడు. పాప ఏడుపు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఎవరినీ చూడలేదు.

పెద్దాయన మాట్లాడాడు. తను నీళ్ళు కక్కించబట్టే పిల్ల బతికిందని ఆయన గట్టి నమ్మకం. తలకిందులు చెయ్యకూడదని మా పద్ధతుల్లో రాసి ఉందని అధికారిణి చదివి వినిపించినా ఆయన చెవికెక్కలేదు. "ఇన్నేళ్ళలో వీడు నాకు ఎదురు తిరిగి ఒక్క మాట అనలేదమ్మా. ఈవిడ ఒక్క మాటతో నా మీద చెయ్యేశాడు" అన్నాడు. పాప తన కళ్ళ ముందు నుంచే టబ్బు దగ్గరికి వెళ్ళిన సంగతి ఆయన ఎత్తలేదు. అల్లుడూ ఎత్తలేదు. మైకు ఎత్తబోతే అధికారిణి చెయ్యెత్తి ఆపింది.

తర్వాత నన్ను అడిగింది. తిట్టకుండా ఈ పని చెయ్యడం కుదురుతుందా?

కుదురుతుందన్నాను. అది నిజం. నేను చేస్తున్నాను. మా ఇద్దరి ఫోన్లలో అవతలివాళ్ళు మాట విని ఛాతీ నొక్కినవి ఎన్నో పోల్చి చూస్తే పెద్ద తేడా లేదని సూపర్‌వైజరు కూడా దగ్గకుండా చెప్పాడు. మైకు మొహం నల్లబడింది. తన గొంతు వల్లే జనం కదులుతారని ఆమె అన్నాళ్ళూ నమ్మింది. నావల్ల కూడా అంతే కదులుతారని ఆమెకి అందరి ముందూ తెలిసింది.

"అయితే ఆ ఫోను నీకొచ్చి ఉంటే ఏమనేదానివి, చెప్పు" అంది నాతో.

నేను ఆలోచించాను. "పెద్దాయనతోనే మాట్లాడేదాన్ని. అయ్యా, పాపని మీరే పడుకోబెట్టండి, మీరే నొక్కండి, నేను చెబుతాను అనేదాన్ని."

"అలా అడిగితే చేసేవాణ్ణి" అన్నాడు పెద్దాయన వెంటనే.

మైకు నవ్వింది. వినడానికి బాగుండే నవ్వు కాదు. అల్లుడు మామగారూ, మామగారూ అని బతిమాలితే నోరు ముయ్యమన్నది ఎవరని అడిగింది. వాడు అడగడం వేరు, అన్నాడు పెద్దాయన. ఆ మాట అనేసి, తను ఏమన్నాడో తనకే తెలిసినట్టు ఆగిపోయాడు.

 అప్పటిదాకా నోరు విప్పనిది అల్లుడొక్కడే. మీరేమంటారని అధికారిణి అతన్ని అడిగింది. అతను గోళ్ళు చూసుకుంటూ, ఆవిడ ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ అన్నాడు.

మైకు బల్ల మీదికి వంగింది. "అనకపోతే లాక్కునేవాడివా?"

 పెద్దాయన అతని వైపు చూశాడు. అతను ఆయన వైపు చూడలేదు.

"లాక్కునేవాణ్ణి కాదు" అన్నాడు. "అందుకే మిమ్మల్ని క్షమించలేను."

 మైకుకి రాతపూర్వకంగా మందలింపు వచ్చింది, ఫోన్ల మీద నుంచి కొన్నాళ్ళు తప్పించారు. పెద్దాయనకి అది చాలలేదు. ఆమెకి అది ఎక్కువైంది. నాతో మాట్లాడడం పూర్తిగా మానేసింది. డబ్బా పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఒక్కతే తినేది. నేనేమీ తప్పుగా చెప్పలేదు, ఇప్పటికీ అదే అంటాను. అడిగారు, ఉన్నది చెప్పాను. కానీ ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని పనిచెయ్యడం నేననుకున్నంత హాయిగా లేదు.

అల్లుడు ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు. విచారణ నుంచి తిరిగి వెళ్ళేటప్పుడే మామగారి కారు ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత పెళ్ళాన్నీ పాపనీ తీసుకుని టైర్ల షాపు మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. ఇంకెవరి దగ్గరో రంగులు కలుపుతున్నాడు. కూతురు వెళ్ళినప్పుడల్లా పెద్దాయన పాపని ఎత్తుకుంటాడట, అల్లుడి పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడట. ఇవన్నీ మాకు కూతురే చెప్పింది. ఆమె మాకు ఎలా తగిలిందో చెబుతాను.

ఫోన్ల మీద నుంచి తప్పించినవాళ్ళని ఊరికే కూర్చోబెట్టరు. ఆఫీసులకీ, ఫ్యాక్టరీలకీ వెళ్ళి ఛాతీ నొక్కడం నేర్పించే పని మైకుకిచ్చారు. నడుం దాకా ఉండే పెద్ద మనిషి బొమ్మ ఒకటి, చిన్నపిల్ల బొమ్మ ఒకటి, రెండూ కారు డిక్కీలో వేసుకుని తిరగడం. ఇద్దరు వెళ్ళాలన్నది నియమం. రెండో మనిషిగా నన్ను వేశాడు సూపర్‌వైజరు. మా ఇద్దరినీ కలపాలనుకున్నాడో, ఏడిపించాలనుకున్నాడో తెలియదు. కారులో ఆమె ఆ కిటికీ, నేను ఈ కిటికీ. ఏదైనా చెప్పాలంటే డ్రైవరుతో చెప్పేది: "ఆవిడని ఆ దుప్పటి తెచ్చారేమో అడుగు." పాపం ఆ డ్రైవరుకి మైకు వాళ్ళాయన పని పడింది.

ఒక లెక్కల ఆఫీసులో తరగతి. బల్లలు గోడకి జరిపి బొమ్మలు నేల మీద పెట్టాం. ముందు చుట్టూ ప్రమాదమేమీ లేకుండా చూసుకోండి, భుజం తట్టి పిలవండి, పలక్కపోతే ఫోను చెయ్యండి, ఊపిరి చూడండి అని వరసగా చెప్పింది మైకు. పెద్ద బొమ్మ మీద అందరూ ఒక్కొక్కరే నొక్కారు. నవ్వుకున్నవాళ్ళ నోళ్ళు ఒక్క చూపుతో మూయించింది. చిన్న బొమ్మ దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి ఒకామె లేచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గబగబా రెండు చేతులూ వేసి నొక్కింది. ఎంత గట్టిగా నొక్కిందంటే బొమ్మ లోపలి స్ప్రింగు కిర్రుమంది.

"ఇది చిన్నపిల్ల. ఒక చెయ్యి తియ్యి" అంది మైకు.

"తెలుసు. నా పిల్ల మీద నొక్కింది మా ఆయన. చెప్పింది మీరు" అంది ఆమె, తల ఎత్తకుండా.

 మిగతావాళ్ళు అర్థం కాక చూశారు. మైకు కదల్లేదు. ఆమె తనకి థాంక్స్ చెప్పడానికి లేచిందనుకుని ఉండొచ్చు ఒక క్షణం. అలాంటిదేమీ లేదు.

పాప కోసం మీకు రుణపడి ఉంటాను, అది వేరు, అంది ఆమె. విచారణ తర్వాత జరిగిందంతా చెప్పి, మా నాన్న ఇల్లు ఇక నా ఇల్లు కాదు, అంది. మా ఆయన అద్దం ముందు గడ్డం చేసుకుంటూ, నేను తండ్రినా జీతగాణ్ణా అని తనలో తను అనుకుంటాడు, నాకు వినపడదనుకుని. "మీ గొంతు వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది" అంది.

మైకు ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఆమె నోట్లో జవాబు లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా ఉండే ఉంటుంది, బయటికి రానివ్వలేదు.

"మండనీ" అంది చివరికి. "చెయ్యి ఇక్కడ పెట్టు. ఛాతీ మధ్యలో. ఇప్పుడు నొక్కు."

ఆమె నొక్కింది. ఒక్క చేత్తో, సరైన లోతుకి. మైకు లెక్క పెట్టింది, బస్టాండు గొంతుతో కాదు, నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా. ముప్పై అయ్యాక ఆమె వంగి బొమ్మ నోట్లో రెండుసార్లు ఊదింది. బొమ్మ ఛాతీ లేచి పడింది. మళ్ళీ నొక్కింది. మైకు చాలు అనలేదు, ఆమె ఆపలేదు. చెమటతో ఆమె జుట్టు నుదుటికి అంటుకుంది. వెనక వరసలో వాళ్ళు అసహనంగా కదలడం మొదలుపెట్టాక తనే ఆపి, లేచి, బట్టలు దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

 తిరిగొచ్చేటప్పుడు కారు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మైకు కిటికీలోంచి బయటికి చూస్తూనే, డ్రైవరుని మధ్యలో పెట్టకుండా నన్నే అడిగింది.

"నువ్వు చెప్పినట్టు అడిగి ఉంటే ఆ ముసలాయన పిల్లని పడుకోబెట్టేవాడంటావా?"

పడుకోబెట్టేవాడనే నేను విచారణలో అనుకున్నాను. కానీ ఆయన నోరు ముయ్యి అన్న గొంతు రికార్డులో నేనూ విన్నాను.

"తెలీదు" అన్నాను.

"నాకూ తెలీదు" అంది. పచ్చలైటు పడింది. కారు ఇంకా కదలకముందే డ్రైవరుని పట్టుకుంది, ఈ రోడ్డులోకి ఎందుకు తిప్పావు, అటు వెళ్తే ఈపాటికి ఆఫీసులో ఉండేవాళ్ళం అని, ఆఫీసు చేరేదాకా వదల్లేదు.

తర్వాత ఆమెని మళ్ళీ ఫోన్ల మీదికి తెచ్చారు. నా పక్క కుర్చీలోకే వచ్చింది. మొదటి వారం అందరినీ అయ్యా, అమ్మా అని పిలిచింది. అవతలివాళ్ళకి అది బెదిరింపులా వినపడి ఉంటుంది. ఆ తర్వాత మానేసింది. ఇప్పుడు తిడుతుంది, కానీ ఒక్కోసారి తిట్టబోయి ఒక్క క్షణం ఆగి, ఫోను ఎవరి చేతిలో ఉందో, ఆ గదిలో ఇంకెవరున్నారో అడుగుతుంది. మాకిద్దరికీ ఇప్పటికీ పడదు.